ఇండియాకి ఆడనివాడు కోచ్‌గా పనికిరాడా?

లాలాగూడ లెఫ్ట్‌బ్యాక్

మా ఇంట్లో కొన్నాళ్లుగా ఒకటే వాదన. ఇక్కడ ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా తాతయ్య రైల్వే టీమ్‌కి ఆడారు. నాన్న కూడా అక్కడే హాఫ్‌బ్యాక్, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. పెదనాన్న గోల్‌కీపర్. మా తమ్ముడికి నడక వచ్చినప్పటి నుంచి బంతే లోకం. కానీ వాడి టైమ్‌కి కోటా ఉద్యోగం దొరకలేదు. సిటీ లీగ్ ఆడాడు, బెంగళూరులో ఒక కంపెనీ టీమ్‌కి ఆడాడు, గోవాలో కింది డివిజన్ క్లబ్బుకి వెళ్లాడు, ఆ తర్వాత మలప్పురం వైపు ఏడుగురేసి ఆడే సెవెన్స్ టోర్నమెంట్లలో మ్యాచ్‌కి ఇంత అని డబ్బు తీసుకుని ఆడాడు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ క్యాంప్ దాకా వెళ్లి, చివరి జాబితాలో పేరు లేక తిరిగొచ్చాడు. ఏ క్లబ్బులోనూ ఎక్కువ కాలం ఉంచుకోలేదు. ఈలోగా మోకాలు పోయింది.

ఇప్పుడు ఒక ప్రైవేట్ అకాడమీలో పిల్లలకు నేర్పుతున్నాడు. పిల్లలకి వాడంటే ప్రాణం. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన అందరి ముందూ "మీరు ఇండియాకి ఆడారా?" అని అడిగాడట. వీడు నోరెత్తలేదు. అకాడమీ వాళ్లేమో పేరున్న ప్లేయర్‌ని హెడ్ కోచ్‌గా తెస్తాం, నువ్వు అసిస్టెంట్‌గా ఉండు అంటున్నారు. నాన్న అంతకంటే గట్టిగా, "పేరు లేనివాడి మాట గ్రౌండ్‌లో ఎవడూ వినడు, ఏదన్నా షాపు పెట్టుకో" అంటున్నారు.

పెద్ద ఆటగాడు కాకుండానే మంచి కోచ్ అయినవాళ్లు మన దగ్గర ఉన్నారా? నాన్నకి చూపించడానికి కావాలి.

పెనాల్టీ పద్మనాభం

పోర్చుగల్‌కి చెందిన కోచ్ జోసే మొరీన్యో పేరు చెప్పండి, వాదన అక్కడితో ముగుస్తుంది. తండ్రి ఫెలిక్స్ గోల్‌కీపర్, పోర్చుగల్‌కి ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, తర్వాత కోచ్ అయ్యారు. కొడుకు చిన్న క్లబ్బుల్లో ఆడి మానేశాడు. తండ్రి కోసం ఎదుటి టీమ్‌ల ఆట చూసి రిపోర్టులు రాస్తూ పని నేర్చుకున్నాడు. పోర్టోతో 2004లో, ఇంటర్ మిలాన్‌తో 2010లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు.

ఇటలీ కోచ్ సాకీని కూడా మీ తమ్ముణ్ణి అడిగిన ప్రశ్నే అడిగేవారు. రౌతు కావాలంటే ముందు గుర్రమై పుట్టాలని నాకు తెలియదు అన్నాడాయన.

ఆఫ్‌సైడ్ అనిత

పద్మనాభం గారూ, "మన దగ్గర" అని అడిగారు. పోర్చుగల్ మాట చెబితే వాళ్ల నాన్నగారు వింటారా?

హైదరాబాద్ మనిషినే చెప్పండి. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఇండియాకి ఆడారా? లేదు. స్కూల్ టీచర్. ఇక్కడి లోకల్ క్లబ్బుల్లో ఆడారు, అంతే. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఇండియా 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇంతకంటే పెద్ద కోచ్ ఈ దేశంలో పుట్టలేదు.

గచ్చిబౌలి గ్యాలరీ

+1. హిందీ సినిమా వచ్చాక అందరికీ రహీం సాబ్ గుర్తొచ్చారు. అంతకుముందు ఈ ఫోరంలో ఆయన పేరు చెప్తే క్రికెట్ అంపైరా అని అడిగినవాళ్లున్నారు.

విశాఖ వింగర్

రహీం సాబ్ ఉదాహరణ ఇక్కడ అతకదు అనిత గారూ. అలాంటి మనిషి వందేళ్లకు ఒకరు. సగటు ఆటగాడి సంగతి వేరు. అసలు అడిగిన విషయంలో ఇంకోటి ఉంది, ఫుట్‌బాల్ కుటుంబం. తాత, తండ్రి, పెదనాన్న ఆడారంటే నలుగురు తెలిసినవాళ్లు ఉంటారు, తలుపులు తెరుచుకుంటాయి. ఆ లాభం వీళ్ల తమ్ముడికి ఎందుకు అందలేదు?

లాలాగూడ లెఫ్ట్‌బ్యాక్

@విశాఖ వింగర్ తలుపులు మూసుకున్నాయి అన్నా. నాన్న తనకు తెలిసిన ఏ సెలెక్టర్‌కీ ఫోన్ చేయలేదు. "నా కొడుకని తీసుకున్నారు అనిపించుకోవడం నాకిష్టం లేదు" అన్నారు. తమ్ముడికి ఆ కోపం ఇప్పటికీ ఉంది.

బొల్లారం బాబాయి

ఈ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మీ నాన్నగారి లాంటి తండ్రి ఇంకొకరు ఉండేవారు. రహీం సాబే. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం.

హకీం సెంట్రల్ హాఫ్‌లో ఆడేవారు. ఎయిర్ ఫోర్స్‌లో చేరి సర్వీసెస్ టీమ్‌కి ఆడారు. 1960లో రోమ్ ఒలింపిక్స్ జట్టులో పేరు వచ్చింది. కోచ్ ఎవరు? తండ్రి. అక్కడ ఇండియా హంగరీతో 1-2తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసింది, పెరూ చేతిలో 1-3తో ఓడింది. హంగరీ మీద గోల్ కొట్టింది మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఫ్రాన్స్ మీద కొట్టింది కెప్టెన్ పీకే బెనర్జీ. మూడు మ్యాచ్‌ల్లో ఒక్కదానిలోనూ హకీం గ్రౌండ్‌లోకి దిగలేదు. రెండేళ్ల తర్వాత జకార్తా వెళ్లిన జట్టులో ఆయనకు చోటే రాలేదు. ఆ జట్టే లక్షమంది జనం ముందు కొరియాను 2-1తో ఓడించి బంగారం గెలిచింది. మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు.

ఆ కొడుకు ఏం చేయాలి చెప్పండి? ఒలింపిక్స్ దాకా వెళ్లి ఆడలేదు, బంగారం గెలిచిన జట్టులో లేడు, తండ్రి లేడు. ఆట మీదే విసుగొచ్చేది ఇంకొకరికైతే. ఆయన ఆటను వదల్లేదు. కోచ్ అయ్యారు, రెఫరీ అయ్యారు, మళ్లీ కోచ్ అయ్యారు. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌కి పీకే బెనర్జీ పక్కన అసిస్టెంట్ కోచ్. ఫిఫా బ్యాడ్జి ఉన్న రెఫరీగా 1988లో ఖతార్‌లో ఆసియా కప్ మ్యాచ్‌లు నడిపించారు. మహీంద్రా టీమ్‌కి కోచ్‌గా ఉండి ఈస్ట్ బెంగాల్ లాంటి జట్టుని ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చారు. గోవాలో సాల్గావ్‌కర్‌కి కూడా నేర్పారు. 2017లో మన దేశంలో అండర్-17 ప్రపంచ కప్ జరిగింది కదా, దానికి ముందు ఊరూరా కుర్రాళ్లను వెతికే పనికి డైరెక్టర్ ఆయనే. అప్పటికి వయసు డెబ్భై దాటింది.

ఇండియాకి ఆడారా అంటే ఈయన ఏం చెప్పాలి బాబూ? ఒలింపిక్ జట్టులో ఉన్నాను కానీ ఆడలేదు అని చెప్పాలి. మీ తమ్ముడికి ఈ కథ చెప్పండి. నాన్నగారికి కూడా.

రెండో పోస్ట్

బాబాయిగారూ, దండం. ఇన్నాళ్లూ హకీం అంటే "రహీం గారి అబ్బాయి" అనే తెలుసు నాకు.

విశాఖ వింగర్

బాబాయిగారి మీద గౌరవంతోనే రెండు మాటలు. ఒకటి, తండ్రే కోచ్ కాబట్టి హకీంకి రోమ్ టికెట్ దొరికిందని కూడా అనొచ్చు కదా? రెండు, ఆ తర్వాత కోచింగ్ అవకాశాలు రావడానికి రహీం అనే ఇంటిపేరు పనిచేయలేదంటారా? మామూలు ఇంటి కుర్రాడికి పీకే బెనర్జీ పక్కన కుర్చీ దొరుకుతుందా?

ఆఫ్‌సైడ్ అనిత

మొదటిదానికి నేను చెప్తాను. కొడుకనే తీసుకెళ్లి ఉంటే ఫ్రాన్స్‌తోనో పెరూతోనో ఒక్కసారి ఆడించేవారు. ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చే పద్ధతి లేదు. ప్రపంచ కప్‌లోనే 1970లో గానీ సబ్‌స్టిట్యూట్లు రాలేదు. ఇప్పటిలా చివరి పది నిమిషాలు దించి "ఒలింపియన్" అనిపించే వీలు లేదు. మొదటి పదకొండులో ఉంటే ఆడినట్టు, లేకపోతే లేనట్టు. కొడుకుని ఆ పదకొండులో పెట్టాలంటే ఇంకొకణ్ణి కూర్చోబెట్టాలి. రహీం సాబ్ అది చేయలేదు.

చేసినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు, తప్పు కూడా కాదు. 1998 ప్రపంచ కప్‌లో ఇటలీ కోచ్ చేజారే మాల్దీనీ, కెప్టెన్ కొడుకు పావొలో. ఇప్పుడు అట్లెటికోలో సిమియోనే కొడుకుని ఆడిస్తున్నాడు. ఆ కుర్రాళ్లు ఆడగలిగినవాళ్లు. తండ్రి కాబట్టి ఆడించారా, తండ్రి కాబట్టి ఆడించలేదా అనేది బయటి నుంచి మనం తేల్చలేం.

పెనాల్టీ పద్మనాభం

యోహాన్ క్రైఫ్ కూడా బార్సిలోనాలో కొడుకు జోర్డీని ఆడించాడు. ఇంట్లో అమ్మతో మాట పడే ధైర్యం రహీం సాబ్‌కి ఉంది, క్రైఫ్‌కి లేదు 😀

బొల్లారం బాబాయి

@విశాఖ వింగర్ రెండో ప్రశ్నకి నా జవాబు. ఇంటిపేరు గేటు దాకా తీసుకెళ్తుంది, కాదనను. గేటు లోపల యాభై ఏళ్లు నిలబెట్టదు. రెఫరీకి ఇంటిపేరు ఏం చేస్తుంది చెప్పండి? విజిల్ వేస్తే ఇరవై రెండు మందీ తిడతారు. ఆ పని ఫిఫా స్థాయిలో చేశారాయన. 2017లో ప్రభుత్వం ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది. 2021 ఆగస్టులో గుల్బర్గాలో పోయారు.

నాకు బాధ ఏమిటంటే, ఆయన పోయిన రోజు మన పేపర్లలో ఎక్కడో లోపలి పేజీలో చిన్న వార్త. హైదరాబాద్ మనిషి, అలాంటి తండ్రికి అలాంటి కొడుకు. ఒక్క గ్రౌండ్‌కైనా ఈ తండ్రీకొడుకుల పేరు పెట్టాలని మా పాతవాళ్ల కోరిక.

ఖరగ్‌పూర్ కుర్రాడు

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం ఇక్కడ. మా ఇంట్లో ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ హబీబే. అందుకని ఇంకో కోణం.

ఒకే చోట నిలవలేదని మీ తమ్ముడి గురించి బాధపడుతున్నారు. మహమ్మద్ హబీబ్ ఎక్కడ నిలిచాడు? ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మళ్లీ ఈస్ట్ బెంగాల్, మళ్లీ మోహన్ బగాన్. పదిహేడేళ్లకు పైగా కోల్‌కతాలో ఆ మూడు క్లబ్బుల మధ్యే తిరిగాడు. ఇక్కడ ఒక క్లబ్బు నుంచి ఎదుటి క్లబ్బుకి వెళ్లడం అంటే చిన్న విషయం కాదు, ఇంటి కిటికీలు పగులుతాయి. కానీ హబీబ్‌ని ఎవరూ ద్రోహి అనలేదు. ఏ జెర్సీ వేసుకుంటే దాని కోసం రక్తం పెట్టి ఆడేవాడు. "బొడో మియా" అని పిలిచేవారు. తమ్ముడు అక్బర్ "ఛోటో మియా". 1976 కోల్‌కతా లీగ్ డెర్బీలో, అంటే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో, అక్బర్ 17 సెకన్లలో గోల్ కొట్టాడు. మా నాన్న ఇప్పటికీ ఆ గోల్ గురించి చెప్తుంటే కూర పొయ్యి మీద మాడిపోతుంది. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ టీమ్‌తో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2 డ్రా చేసింది. అందులో ఒక గోల్ హబీబ్‌ది.

వాళ్లింట్లోనూ అన్నదమ్ములంతా ఫుట్‌బాలే. ఆట అయ్యాక హబీబ్ జంషెడ్‌పూర్ వచ్చి టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్లకు నేర్పాడు. స్టార్‌ని అని కూర్చోలేదు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు. మా కాలనీలో జెండా వందనం అయ్యాక అందరం నిలబడి మౌనం పాటించాం.

గచ్చిబౌలి గ్యాలరీ

హబీబ్ ఉదాహరణ విశాఖ వింగర్ వైపే పోతుంది కదా బ్రో. హబీబ్‌ది పెద్ద పేరు. నయీముద్దీన్ 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్, అర్జున, ద్రోణాచార్య రెండూ వచ్చిన మనిషి. షబ్బీర్ అలీ ఇండియా కెప్టెన్, తర్వాత సాల్గావ్‌కర్ కోచ్‌గా 1998-99 నేషనల్ లీగ్ గెలిచాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద కోచ్‌ల్లో పెద్ద ఆటగాళ్లు కూడా సమానంగా ఉన్నారు.

విశాఖ వింగర్

అదే నేను చెప్పేది. అకాడమీ వాళ్లు పేరున్నవాణ్ణి అడగడంలో తప్పేముంది? వాళ్లకి ఫీజు కట్టేది పేరెంట్సే.

రెండో పోస్ట్

నయీముద్దీన్ గారి క్రమశిక్షణ గురించి విన్నాను. లేట్‌గా వస్తే ఎంత పెద్ద స్టార్ అయినా గ్రౌండ్ బయటేనట. అది పేరుతో వచ్చిందా, స్వభావంతో వచ్చిందా?

ఆఫ్‌సైడ్ అనిత

@గచ్చిబౌలి గ్యాలరీ మీ హ్యాండిల్ పెట్టుకుని మనోలోని మర్చిపోతే ఎలా? 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టైటిల్ తెచ్చిపెట్టిన మనోలో మార్కెజ్ ఆటగాడిగా ఎవరు? స్పెయిన్‌లో కింది డివిజన్లలో ఆడిన డిఫెండర్. కోచింగ్ కూడా ఎక్కువకాలం కింది క్లబ్బుల్లోనే. తర్వాత ఇండియా కోచ్ కూడా అయ్యాడు. ఫైనల్లో పెనాల్టీలు ఆపిన కట్టిమణి దగ్గరికి వెళ్లి, మీ కోచ్ స్పెయిన్‌కి ఆడాడా అని ఎవరైనా అడిగారా?

గచ్చిబౌలి గ్యాలరీ

అక్కా, దెబ్బ తగిలింది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో పటాకులు కాల్చింది నేనే.

అనంతపురం అండర్14

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను పిల్లల కోచ్‌ని, మా జిల్లాలోనే. జిల్లా టీమ్ దాటి ఆడలేదు. "ఇండియాకి ఆడారా" ప్రశ్న నాకూ ఎదురైంది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీ తమ్ముడికి ఉన్న ఆస్తి ఏమిటో ఎవరూ చెప్పలేదు. వాడు చాలా డ్రెస్సింగ్ రూమ్‌లు చూశాడు. చాలామంది కోచ్‌ల కింద ఆడాడు. జట్టులో తీసుకోకపోతే ఎలా ఉంటుందో తెలుసు, జీతం రెండు నెలలు ఆగితే ఎలా ఉంటుందో తెలుసు, మోకాలు నొప్పి దాచుకుని సెవెన్స్ ఆడితే ఏమవుతుందో తెలుసు. స్టార్ ప్లేయర్‌కి ఆట సహజంగా వచ్చేస్తుంది. బంతిని ఎడమ కాలితో ఆపడం ఎందుకు రావడం లేదో ఆయన పిల్లవాడికి విడమరచి చెప్పలేకపోవచ్చు. కష్టపడి నేర్చుకున్నవాడు ఒక్కో మెట్టూ చెప్పగలడు. పన్నెండేళ్ల పిల్లలకి కావాల్సింది ఆ మెట్లే.

రహీం సాబ్ టీచర్ అని అనిత గారు రాశారు, అది చాలా ముఖ్యం. ఆయన పాఠంలాగే చెప్పేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదు అని నియమం పెట్టి టోర్నమెంట్లు నడిపేవారు, పాస్ అలవాటు కావాలని. రాని కాలితోనే ఆడాలి అని ఇంకో పోటీ. ఆ రెండూ నేను మా పిల్లలతో వారానికోసారి చేయిస్తాను. ఖర్చు సున్నా. మొదట్లో పిల్లలు ఏడుస్తారు, తర్వాత వాళ్లే అడుగుతారు.

ఇక పేరెంట్స్ సంగతి. వాళ్లను తప్పు పట్టను. ఫీజు కడుతున్నారు, ఏదో ఒక కొలత కావాలి వాళ్లకి. "ఇండియాకి ఆడారా" అనేది వాళ్లకు తెలిసిన ఒకే కొలత. ఇంకో కొలత మనం చూపించాలి. అది లైసెన్స్. మన జాతీయ ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్ఎఫ్ ఇచ్చే డి లైసెన్స్ నుంచి మొదలుపెట్టి సి, బి, ఎ, ప్రో దాకా మెట్లున్నాయి. ఐఎస్ఎల్‌లో హెడ్ కోచ్‌కి ప్రో కావాలి. పేరున్న ప్లేయర్‌ అయినా లైసెన్స్ లేకపోతే బెంచీ మీద హెడ్ కోచ్‌గా కూర్చోనివ్వరు. మీ తమ్ముడి దగ్గర ఏముంది?

లాలాగూడ లెఫ్ట్‌బ్యాక్

@అనంతపురం అండర్14 ఏమీ లేదు అన్నా. చేద్దాం చేద్దాం అనుకుంటూ ఉండిపోయాడు. ఆటగాళ్లకి అది పరీక్షలా అనిపిస్తుంది, భయం.

అనంతపురం అండర్14

భయం వద్దు. డి లైసెన్స్‌లో సగం గ్రౌండ్ మీదే. సెషన్ ప్లాన్ కాగితం మీద రాయడం, దాన్ని పిల్లలతో చేయించి చూపించడం. వాడు రోజూ చేసే పనే, రాయడం ఒక్కటే కొత్త.

విశాఖ వింగర్

ఈ పోస్ట్‌తో నాకు పేచీ లేదు. లైసెన్స్ ఉండి, పిల్లల ఆట మెరుగైతే అసిస్టెంట్ కుర్చీ ఇవ్వడం అన్యాయమే. పేరున్నవాళ్లను కాదనాల్సిన పని మాత్రం లేదు. హబీబ్ లాంటివాడు గ్రౌండ్‌లోకి వస్తే పిల్లవాడు ఇంకో పది రౌండ్లు పరిగెడతాడు. ఆ బలం మనలాంటివాళ్ల దగ్గర ఉండదు.

ఖరగ్‌పూర్ కుర్రాడు

ఇది నిజం. ఒప్పుకుంటున్నా.

బొల్లారం బాబాయి

ఇంకో మాట. కుటుంబం గురించి. హైదరాబాద్ 1956-57, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా రాలేదు. 2024 డిసెంబర్‌లో ఫైనల్ రౌండ్ హైదరాబాద్‌లోనే పెట్టారు, చివరి రోజు గచ్చిబౌలిలో బెంగాల్, కేరళ ఆడుకుంటుంటే మనం చూశాం. ఆ రోజుల్లో పోలీస్, రైల్వే, మిలిటరీ టీమ్‌లు కుర్రాళ్లకు ఉద్యోగం ఇచ్చేవి. అందుకే ఇంట్లో ఒకడు ఆడితే వెనక నలుగురు ఆడేవారు. ఉద్యోగాలు తగ్గాయి, ఖాళీ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, కుటుంబాలు ఆట వదిలేశాయి. మూడు తరాలు వదలని మీలాంటి ఇళ్లు ఎన్ని మిగిలాయి? ఆ మూడో తరం వాణ్ణి షాపు పెట్టుకోమనడం నాకు నచ్చలేదు. మీ నాన్నగారు నాకంటే చిన్నవారే అయ్యుంటారు, అందుకే ఇంత చనువుగా అంటున్నాను.

పెనాల్టీ పద్మనాభం

బాబాయిగారు ఎల్లో కార్డు చూపించేశారు.

లాలాగూడ లెఫ్ట్‌బ్యాక్

నిన్న రాత్రి భోజనాలయ్యాక ఈ పోస్టులన్నీ నాన్నకి చదివి వినిపించాను. హకీం గారి దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నారు. వాళ్ల చిన్నప్పుడు తాతయ్య లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన్ని చూపించి "ఆ పోయేది రహీం సాబ్ కొడుకు" అన్నారట. "ఆయన రోమ్‌లో ఆడలేదని నాకు ఇంతవరకూ తెలియదు" అన్నారు. షాపు మాట మళ్లీ ఎత్తలేదు. అలాగని సరే అని కూడా అనలేదు. కానీ తమ్ముడి వైపు తిరిగి, ఆ రాని కాలి పోటీ ఎలా పెడతారో అడిగారు. వాడు కుర్చీలు జరిపి చూపించాడు. అమ్మ ఇద్దరినీ తిట్టింది.

@అనంతపురం అండర్14 డి లైసెన్స్‌కి తమ్ముడు పేరు ఇస్తానన్నాడు. సెషన్ ప్లాన్ ఎలా రాస్తారో మీ దగ్గర ఒక నమూనా ఉంటే పెట్టగలరా?

అనంతపురం అండర్14

సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక ఫోటో తీసి పెడతాను. చేతిరాత అర్థం కాకపోతే అడగండి.

విశాఖ వింగర్

నాకూ ఒకటి.